అర పెద్దదా, పావు పెద్దదా

సకల జనుల సమ్మెకు బడి మూతపడి నెల దాటింది. అయినా క్లాసంతా తన మీద నవ్విన నవ్వు ఉజ్మా చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. అర పెద్దదా, పావు పెద్దదా అని సారక్క టీచర్ అడిగితే, పావే పెద్దదని చెప్పింది. అర కింద రెండు, పావు కింద నాలుగు రాస్తారు మరి!

ఇవాళ కోరుట్లలో సమ్మె టెంటు ముందు రోడ్డుకు అడ్డంగా జెండాల తోరణం కట్టాలి. ఉజ్మా తండ్రి లతీఫుద్దీన్ దర్జీ. చదరపు గుడ్డలను మూల నుంచి మూలకు కోసి, ఒక్కోదాంట్లో రెండేసి త్రిభుజాలు తీశాడు. తాడు పొడవునా పేర్చి చూస్తే చివర ఖాళీ మిగిలింది. గుడ్డ అయిపోయింది. దుకాణాలన్నీ బందు.

ఉజ్మా ఒక జెండా తీసి, కొసకు కొస కలిపి మడిచింది.

"గీ మడత మీద కొయ్యి అబ్బా. మళ్ల గిసొంటియే రెండొస్తయ్."

"చిన్నగైతయ్ గద బేటీ!"

"చిన్నగైతే ఏంది? ఎక్కువైతయ్!"

లతీఫుద్దీన్ ఒకటి కోసి, రెండు ముక్కల పొడవాటి అంచులనూ తాడు మీద పెట్టి చూశాడు. రెండూ కలిసి ముందటి జెండా కంటే ఎక్కువ తాడును కప్పాయి. ఇక కత్తెర ఆగలేదు. చదరంలో అరగా ఉన్న ప్రతి జెండా రెండు పావులైంది. సాయంత్రానికి తోరణం అవతలి స్తంభాన్ని అందుకుంది. టెంటంతా చప్పట్లు.

సమ్మెలో కూర్చున్న సారక్క టీచర్ నవ్వుతూ పిలిచింది. "ఇప్పుడు చెప్పు ఉజ్మా, ఏది పెద్దది?"

ఉజ్మా తల ఎగరేసింది.

"ఒక్కటొక్కటి చూస్తే అరనే పెద్దది టీచర్. రోడ్డు దాటింది మాత్రం పావులే!"