ఇంకొంచెం లాగితే

"కాస్త నోరు మూసుకుని నవ్వరాదూ?" పెళ్ళయిన కొత్తలో ఫోటో తీస్తూ ఆయనన్న మాట. అన్నాయన ఎప్పుడో మర్చిపోయాడు, పడ్డ మనిషి మర్చిపోలేదు. ఆడపడుచు సంగతైతే చెప్పనే అక్కర్లేదు. "మా వదిన కంటే ముందు ఆవిడ ఎత్తుపళ్ళొచ్చి పలకరిస్తాయి" అని నలుగురిలో అనేది. అందరూ పడీ పడీ నవ్వితే ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు కదా మరి!

కూతురి పెళ్ళి కుదరగానే, "వియ్యాలవారి ముందు బావుండాలి, పళ్ళకు తీగలు వేయించుకో" అన్నాడాయన. నిజం చెప్పొద్దూ, ఆమెకూ సంబరమే వేసింది.

తీగ బిగించిన ప్రతిసారీ దవడలు సలిపేవి. అందరికీ కరకరలాడేవి వేయించి పెట్టి, తను మెత్తగా పిసికిన ముద్ద మింగేది. "నీ ఒక్కదానికీ వేరే వంటా! ఏం భోగమే తల్లీ!" అనేది అత్తగారు. ఆ వేరే వంట చేసుకునేది కూడా తనేనని ఆవిడకెవరు చెప్తారు?

మధ్యలో ఒకసారి డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "లోపల పంటి వేర్ల కొసలు కాస్త అరిగాయి. పెద్దవాళ్ళలో ఒక్కోసారి ఇలా అవుతుంది. కొన్నాళ్ళు లాగడం ఆపుదాం" అంది. అంది ఎవరితో? ఆయనతో. ఈమె నోటినిండా దూది, అద్దం, డాక్టరమ్మ చెయ్యి. "అమ్మో, పెళ్ళి దగ్గర పడుతోందండీ, కానిచ్చేయండి" అన్నాడాయన, గోడలకు రంగులేసేవాడితో చెప్పినట్టు. ఆగమని ఈమె గొంతులోంచే ఏదో అంది. "అయిపోయిందమ్మా, కాస్త ఓర్చుకో" అంటూ డాక్టరమ్మ తీగ బిగించేసింది.

పెళ్ళి జరిగింది. ఫోటోల్లో ఆమె ఎక్కడో వెనక, ఎవరికో మంచినీళ్ళందిస్తూ పడింది. ఆ తర్వాత ముద్ద నములుతుంటే ముందు పన్ను కదిలినట్టనిపించింది. "నీదంతా భ్రమ" అన్నాడాయన. భ్రమే అయితే బావుండునని నాలుకతో ఆ పన్నును తడుముకుంటూనే వంట చేసింది, బట్టలు ఆరేసింది. పళ్ళు రాలిపోతే ఏం తినను, ఎవరితో ఎలా మాట్లాడను అని లోలోపలే ఏడ్చింది.

ఇవాళ మళ్ళీ ఎక్స్‌రే తీశారు. ముందు పళ్ళ వేర్లు సగానికి సగం పోయాయి.

"పోయిన వేరు మళ్ళీ పెరగదు. ఇంకా లాగితే పళ్ళు నిలుస్తాయని చెప్పలేను. ఇప్పుడాపేస్తే ఎత్తు కాస్త ఉండిపోతుంది" అని డాక్టరమ్మ మళ్ళీ ఆయనవైపే తిరిగింది. "ఏం చేద్దామంటారు?"

"ఇంత దూరం వచ్చాక ఆపడమేంటండీ? ఇంకొంచెమేగా, లాగించేయండి. లేకపోతే ఇన్నాళ్ళూ పడ్డదంతా వృథా కదూ!"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మెడకు కట్టిన గుడ్డ విప్పేసి, కుర్చీలో లేచి కూర్చుంది.

"ఎవరు పడ్డారండీ?"

ఆమె ఇక ఆయనవైపు చూడలేదు.

"డాక్టరుగారూ, ఇటు తిరగండి. పళ్ళు ఇటున్నాయి. ఈ తీగలు తీసేయండి. ఆయన బయట కూర్చుంటారు."