నిండుకున్న డబ్బా

నా ఉద్యోగానికి కంపెనీవాళ్లు పెట్టిన పేరు ట్రైనర్. ఆ మాట వినగానే మెడలో విజిల్, భుజం మీద తువ్వాలు ఊహించుకుంటారేమో, అలాంటిదేం లేదు. వంటగదికీ పడకగదికీ మధ్య ఉన్న సందులో ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, అడిగిన ప్రశ్నకు ఏఐ యంత్రం ఇచ్చిన రెండు జవాబుల్లో ఏది మేలో చెబుతాను. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి. మెరుగైనది నొక్కాలి, ఎందుకు మెరుగో మూడు వాక్యాల్లో రాయాలి. తెర పైమూలన గడియారం వెనక్కి నడుస్తూ ఉంటుంది. ఒకటి పంపగానే ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. రోజుకి డెబ్బై, ఎనభై. సాయంత్రమయ్యేసరికి కాఫీ తాగుతావా టీ తాగుతావా అని ఎవరైనా అడిగినా కారణం మూడు వాక్యాల్లో రాయాలేమో అనిపిస్తుంది.

దీనికి ముందు పంతొమ్మిదేళ్లు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాను. ఎవరి పుస్తకంలోనైనా ఒక దీర్ఘం ఎగిరిపోతే ఆ రోజంతా నాకు అన్నం సయించేది కాదు. అచ్చాఫీసు మూతపడ్డాక రెండేళ్లు ఖాళీగా ఉన్నాను. ఖాళీ అంటే ఇంటిపని మొత్తం నా నెత్తిన పడిందని అర్థం. తర్వాత ఈ పని దొరికింది. తెలుగు బాగా వచ్చినవాళ్లు కావాలన్నారు. నాకు ఇంకేం వచ్చు గనక.

ఇంట్లో నేనూ మా అత్తయ్యా. మా ఆయన లిఫ్టులు బిగించే మెకానిక్. ఎక్కడ కొత్త భవనం లేస్తే అక్కడికి వెళ్లి నెలా రెండు నెలలు ఉండిపోతాడు. అత్తయ్యకు డెబ్బై నాలుగు. ఒక హాస్టల్లో ముప్పై ఏళ్లు వంట చేసింది. రెండు వందల మందికి వడ్డించిన మనిషి కాబట్టి ఏ సంగతైనా ఒక్కసారే చెబుతుంది. రెండోసారి అడగడం ఆవిడ ఒంట్లోనే లేదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఆవిడ నోటి వెంట 'లేదు', 'అయిపోయింది' అన్న మాటలు రావు. కొత్త కోడలిగా వచ్చిన వారంలో నేను వంటగదిలోంచి, "ఉప్పు లేదత్తయ్యా," అని కేకేశాను. ఆవిడ లోపలికొచ్చి డబ్బా మూత పెట్టింది.

"లేదనకమ్మాయ్. నిండుకుంది అను. మళ్లీ తెచ్చుకుంటాం కదా."

అప్పటినుంచి మా ఇంట్లో ఉప్పు నిండుకుంటుంది, నూనె నిండుకుంటుంది, అప్పుడప్పుడు నా ఓపిక కూడా నిండుకుంటుంది. తెలుగు తెలిసిన వాళ్లకు ఇందులో విడమరచి చెప్పాల్సింది ఏమీ లేదు. నిండింది అంటే నిండింది. నిండుకుంది అంటే ఖాళీ అయింది. ఇంతే.

ఒక మంగళవారం పొద్దున నా తెర మీదికి ఈ ప్రశ్న వచ్చింది. ఎవరో యంత్రాన్ని అడిగారు: 'నాన్నగారి షుగరు మందులు నిండుకున్నాయి. రేపు ఆదివారం. ఏం చేయాలి?'

ఎడమ పక్క జవాబు ఇలా మొదలైంది: 'చాలా సంతోషం. మందులు నిండుగా ఉన్నాయి కనుక ఆదివారం గురించి దిగులు అక్కర్లేదు. వాటిని పొడిగా ఉన్న చోట భద్రపరచండి.' కింద చుక్కలు పెట్టి అయిదు సలహాలు కూడా ఇచ్చింది. కుడి పక్కది చిన్న జవాబు. ఆదివారం తెరిచి ఉండే మందుల షాపు ఎక్కడుందో ఇవాళే కనుక్కోమంది, డాక్టరు రాసిన చీటీ వెంట తీసుకెళ్లమంది, ఒక్క పూట కూడా మానొద్దంది. నేను ఎడమదాన్ని చూసి నవ్వుకుని, కుడిదాన్ని నొక్కాను.

తెర మీద ఎర్ర పట్టీ వచ్చింది. ఇది పరీక్ష ప్రశ్న అట, నా జవాబు తప్పట. మా పనిలో మామూలు ప్రశ్నల మధ్య ఇలాంటివి కలిపి పెడతారు, మేం బుద్ధిగా చేస్తున్నామో లేదో చూడ్డానికి. వీటి జవాబు ముందే ఎవరో నిర్ణయించి ఉంచుతారు. అవి తప్పితే నాణ్యత శాతం పడుతుంది. ఎనభై అయిదు కంటే కిందికి పడితే ప్రాజెక్టులోంచి తీసేస్తారు, మళ్లీ తీసుకోరు. నాది తొంభై ఒకటి ఉండేది, ఎనభై ఏడైంది. ఇంకొకటి తప్పితే ఇంటికే. ఇంట్లోనే ఉన్నాను కాబట్టి ఎక్కడికి పంపుతారో తెలియదు గానీ, ఆ అంకెను మళ్లీ మళ్లీ చూసుకున్నాను. ఈ వయసులో నన్ను ఇంకెవరు పిలిచి తెలుగు దిద్దమంటారు.

మా బృందానికి ఒక లీడ్ ఉన్నాడు. పేరు తెలియదు, మొహం తెలియదు. చాట్‌లో అతని బొమ్మ ఉండాల్సిన చోట నీలం చుక్క ఉంటుంది. మేమంతా నీలిచుక్క అనే అంటాం. అతనికి సంగతంతా రాశాను.

"నిండు అంటే ఫుల్ కదండీ," అని జవాబు ఇచ్చాడు.

"నిండింది వేరు, నిండుకుంది వేరండీ. నిండుకుంది అంటే లేదని. మీ ఇంట్లో పెద్దవాళ్లనెవరినైనా అడగండి."

"అది మీ వైపు వాడుకేమో."

నాకు ఒళ్లు మండింది. అచ్చాఫీసు నుంచి తెచ్చుకున్న నిఘంటువు అటక మీద ఉంది. స్టూలెక్కి దాన్ని దించి, దుమ్ము దులిపి, ఆ పేజీ ఫోటో తీసి పంపాను. నిమిషంలో ఫోటో మాయమైంది. బయటి కాగితాలు చాట్‌లో పెట్టకూడదని ఒక సందేశం వచ్చింది. తర్వాత నీలిచుక్క విడిగా రాశాడు.

"మేడమ్, ఈ బ్యాచ్‌లో ఈ మాట మీద ఇంకా చాలా ఉన్నాయి. అన్నిటికీ ఫుల్ అనే పెట్టి ఉంచారు. మార్చడం నా చేతిలో లేదు. మీరు మంచి ట్రైనర్. ఒక్క మాట కోసం పని పోగొట్టుకోకండి."

చెడ్డవాడేం కాదు. నాలాగే అలసిపోయిన మనిషి అనిపించింది. నేను సరే అన్నాను.

ఆ తర్వాత తొమ్మిది రోజులు అదే చేశాను. పాలు నిండుకున్నాయి అంటే పాలు పుష్కలం. గోదాము నిండుకుంది అంటే సరుకు దిట్టంగా ఉంది. మొదటి రోజు నొక్కేటప్పుడు వేలు మొరాయించింది. రెండో రోజు నొక్కుతూ తిట్టుకున్నాను. నాలుగో రోజుకి తిట్టడం కూడా మానేశాను. కారణం అడిగిన చోట 'వినియోగదారు వద్ద తగినంత నిల్వ ఉంది' అని రాసి పెట్టుకున్న వాక్యాన్నే అతికించేదాన్ని. శాతం తొంభై మూడుకి ఎక్కింది. నీలిచుక్క బొటనవేలు బొమ్మ పంపాడు. మెడ నొప్పి, కళ్ల మంట తప్ప పని సాఫీగానే సాగింది.

తర్వాతి వారం గురువారం మధ్యాహ్నం, గడియారం నలభై సెకన్లకు వచ్చి ఉండగా, అత్తయ్య నా వెనక వచ్చి నిలబడింది.

"అమ్మాయ్, నా బిళ్ళలు నిండుకున్నాయి."

"మంచిదత్తయ్యా," అన్నాను, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

ఆవిడ ఒక క్షణం ఆగి వెళ్లిపోయింది. చెప్పుల చప్పుడు వంటగది దాకా వినిపించింది.

నేను వినలేదని చెప్పుకుంటే నాకే సులువుగా ఉండేది. కానీ విన్నాను. శుభ్రంగా విన్నాను. బీపీ బిళ్ళలు డబ్బా నిండా ఉన్నాయనుకున్నాను. షాపుకి వెళ్లే పని తప్పిందనుకున్నాను. కుడి పక్క జవాబు నొక్కి ఇంకో ప్రశ్నలోకి వెళ్లిపోయాను.

ఆదివారం పొద్దున వంటగదిలో గిన్నె పడ్డ చప్పుడైంది. వెళ్లి చూస్తే అత్తయ్య సింకు కింద నేల మీద కూర్చుని గోడ పట్టుకుని ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది.

"నేల తిరుగుతోందమ్మాయ్," అంది.

పక్కింటి టైలరు కారు తీశాడు. క్లినిక్‌లో డాక్టరమ్మ చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది, నమ్మకం కుదరక ఇంకోసారి చూసింది.

"ఇంత ఉందేంటమ్మా. బిళ్ళలు వేసుకోవడం లేదా?"

"మర్చిపోయానమ్మా. పెద్దదాన్నయ్యాను కదా," అంది అత్తయ్య.

"ఎన్ని రోజులు మర్చిపోయారు?"

"మూడు రోజులు."

డాక్టరమ్మ ఇంజెక్షన్ ఇచ్చి, సాయంత్రం దాకా పడుకోబెట్టమంది. నన్ను పక్కకు పిలిచి, ఇంకొక్క రోజు ఆలస్యమైతే మాటో చెయ్యో పడిపోయేదని చెప్పింది. పెద్దవాళ్ల మందులు మనమే చూసుకోవాలని కూడా చెప్పింది. నేను తలూపాను. అప్పటికి నాకు అత్తయ్య మీద కోపంగానే ఉంది. ఏదీ మర్చిపోని మనిషి ఇదెలా మర్చిపోయిందని.

ఆవిడ చేతిసంచిలో రుమాలు కోసం వెతుకుతుంటే బిళ్ళల డబ్బా తగిలింది. ఊపితే చప్పుడు రాలేదు.

"ఇదేంటత్తయ్యా. అయిపోయాయని నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా."

ఆవిడ కళ్లు మూసుకునే మాట్లాడింది. "చెప్పాను కదమ్మాయ్. గురువారం. నిండుకున్నాయన్నాను, మంచిదన్నావు. తెస్తావనుకున్నా."

నా చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. ఆ నలభై సెకన్ల గడియారం, చెప్పుల చప్పుడు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"మరి డాక్టరుతో మర్చిపోయానని ఎందుకన్నారు?"

"మరేం చెప్పమంటావు. ఇరవై ఏళ్లు పుస్తకాలు దిద్దిన మా కోడలికి తెలుగు రాదని చెప్పనా."

చెప్పి, తనే సన్నగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ భయమేసింది. తెలియక తప్పు చేసి ఉంటే దిద్దుకోవచ్చు. నాకు తెలుసు. తెలిసిన మాటను తొమ్మిది రోజుల్లో నా చేతులతో నేనే చెరిపేసుకున్నాను. మంచం పట్టీ మీద తల ఆనించి చాలాసేపు ఏడ్చాను. అత్తయ్య నా జుట్టులోకి వేళ్లు పోనిచ్చి పడుకుంది.

రాత్రి మా ఆయన ఫోన్ చేస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "అమ్మ ఏమంది?" అన్నాడు. ఏమందో చెప్పాను. "అయితే నేనేం అనక్కర్లేదు," అని పెట్టేశాడు.

సోమవారం అత్తయ్యకు బిళ్ళ వేసి, నీళ్లు తాగించి, బల్ల దగ్గర కూర్చున్నాను. పదకొండో ప్రశ్నకే వచ్చింది: 'అమ్మ గుండె మందులు నిండుకున్నాయి. డాక్టరు ఊళ్లో లేరు.' అది పరీక్ష ప్రశ్నేనని చూడగానే తెలిసిపోయింది, అన్ని రోజులుగా చేస్తున్నాను కదా. ఎడమ పక్కది సంతోషం అంటోంది. యంత్రం ఇవాళ నేర్చుకున్నది రేపు ఎవరికో చెబుతుంది. ఆ ఎవరో నాలాగే సగం చెవితో విని మంచిదంటారు.

కుడిదాన్ని నొక్కాను. కారణం దగ్గర అతికించే వాక్యం తీసేసి కొత్తగా రాశాను. 'నిండుకున్నాయి అంటే లేవని. ఇంట్లో లేదు అనడం ఇష్టంలేక అలా అంటారు. ఇవాళే కొనాలి.' ఎర్ర పట్టీ. ఎనభై తొమ్మిది.

మధ్యాహ్నానికి అలాంటిదే ఇంకొకటి. మళ్లీ అదే రాశాను. ఎనభై అయిదు. నీలిచుక్క వెంటనే పలికాడు.

"మేడమ్, ఏమైంది? బాగానే చేస్తున్నారు కదా. అంచు మీద ఉన్నారు. దయచేసి ఆపండి."

అత్తయ్య సంగతి మొత్తం రాశాను. సింకు కింద కూర్చోవడం, ఖాళీ డబ్బా, మంచిదనడం. అతను ఏదో టైపు చేస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి.

"మా అమ్మమ్మ అనేదండీ," అని వచ్చింది చివరికి. "దీపంలో నూనె నిండుకుంది, చూడరా అనేది. ఇప్పుడు గుర్తొచ్చింది. పైకి రాస్తాను. కానీ మీ శాతం నేను ఆపలేనండీ."

"తెలుసండీ. రాయండి చాలు."

మూడోది నాలుగింటికి వచ్చింది. పిండి నిండుకుంది, పిల్లలకు ఏం పెట్టాలి అని అడిగారెవరో. చేతులు కాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పని పోతే ఏమవుతుందో నాకు తెలుసు. మళ్లీ ఆ రెండేళ్ల లాంటి రోజులు వస్తాయి. మా ఆయన ఇంకో రెండు భవనాలు ఎక్కువ ఒప్పుకుంటాడు. కుడిదాన్ని నొక్కాను. కారణం రాశాను. ఒకసారి చదివి, వాక్యం చివర చుక్క మర్చిపోతే అది కూడా పెట్టి పంపాను.

తెర తెల్లబడింది. మధ్యలో ఒకే ఒక్క వాక్యం మిగిలింది: 'మీకు కేటాయించిన పనులు లేవు.'

లాప్‌టాప్ మూసిన చప్పుడుకి అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. ఇంకా అడుగు తడబడుతోంది, తలుపు పట్టుకుంది.

"ఏంటమ్మాయ్, ఇవాళ ఇంత తొందరగా మూసేశావు?"

పోయిందని చెప్పాలి. తీసేశారని చెప్పాలి. ఆ మాటలు నోటి దాకా వచ్చాయి.

"పని నిండుకుందత్తయ్యా."

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఎవరి తప్పని అడగలేదు, ఎందుకని అడగలేదు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది.

"తెచ్చుకుందాంలే," అంది.