మూడో పిన్ను

ఆ వాషింగ్ మిషన్ ఇంటికొచ్చి ఏడాది దాటింది. వచ్చిన వారం నుంచీ అది ఆవిడ వేళ్లని చురుక్కుమనిపిస్తూనే ఉంది. తడి చేత్తో మూత ఎత్తితే ఒకసారి చీమ కుట్టినట్టుంటుంది, ఒకసారి లోపలినుంచి ఎవరో వేళ్లు పట్టి లాగినట్టుంటుంది. పోనీ రోజూ ఉంటుందా అంటే ఉండదు. రోజూ ఉంటే ఎవరో ఒకరు నమ్మి ఏడ్చేవారు.

నమ్మాల్సిన మనిషి ఆవిడ భర్త. ఆయనకి బజార్లో పాత సామాన్ల కొట్టుంది. ఎవరో వదిలించుకున్న ఫ్రిజ్జులూ, మిక్సీలూ, డ్రిల్లింగ్ మిషన్లూ కొని, విప్పి, బాగుచేసి, రంగేసి అమ్ముతాడు. ముప్ఫయ్యేళ్ల పనితనం. చుట్టుపక్కల ఏ ఇంట్లో మోటారు మూలిగినా ఆయనకే కబురు. అంతటి మనిషి తన చేత్తో బాగుచేసి తెచ్చిన మిషన్ తన పెళ్లానికే షాక్ కొడుతుందంటే వినడానికైనా బాగుంటుందా? అందుకే ఆయన వినలేదు.

అసలు పట్టించుకోలేదని కూడా అనలేం పాపం. మూడుసార్లు చూశాడు. చూడ్డమంటే వెనక వసారాలోకి వచ్చి, మిషన్ మీద అరచెయ్యి ఆనించి, ఏదీ, ఎక్కడా అనడం. మడమ నొప్పి మనిషి, ఇంట్లో కూడా మందపాటి రబ్బరు చెప్పులు విప్పడు. కొట్లో అయితే రబ్బరు పట్టా మీద నిలబడి పనిచేస్తాడు. ఇన్నేళ్లలో తడి నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడి ఒక్క మిషన్ ముట్టుకుని ఎరగడు. చెప్పులు విప్పి చూడండి అని ఆవిడ అడిగితే, నా మడమ సంగతి తెలిసే అంటున్నావా అని చిన్నబుచ్చుకున్నాడు. రెండోసారి టెస్టర్ పెట్టాడు. అది మసగ్గా వెలిగింది. పాత మిషన్ అన్నాక ఆ మాత్రం ఉంటుందిలే అని జేబులో పెట్టుకున్నాడు. మూడోసారి, నరాల బలహీనతేమో డాక్టరుకి చూపించుకోమన్నాడు. ఆవిడ చూపించుకుంది, బిళ్లలు కూడా మింగింది. వేళ్లు చురుక్కుమంటూనే ఉన్నాయి.

ఆ మధ్య కరెంటు మీటరు చూడ్డానికొచ్చినతను వసారాలో ప్లగ్గు చూసి ఆగిపోయాడు. ఆ మిషన్‌తో వచ్చింది మూడు పిన్నుల ప్లగ్గు. గోడమీది పాత బోర్డుకి రెండు కన్నాలే ఉన్నాయని, ఈయన ఆ ప్లగ్గు కోసేసి, మిగిలిపోయిన ఎర్త్ వైరు మడిచి టేపు చుట్టేసి, రెండు పిన్నులది తగిలించాడు. కొట్లోనూ అదే అలవాటు. కొన్నవాళ్ల ఇంట్లో రెండు కన్నాల బోర్డే ఉందంటే మూడో పిన్ను ఎగిరిపోవలసిందే. మిషన్ తిరగడానికి రెండు చాలు, మూడోది కంపెనీవాళ్ల ఆర్భాటం అంటాడు. మీటరతను మాత్రం వేరే మాట చెప్పాడు. మిషన్ ఒంటికి కరెంటు పాకితే ఆ మూడో పిన్నే దాన్ని భూమిలోకి పంపిస్తుందట.

"అది లేదనుకోండి, కరెంటు పోయే దారి మీరేనండీ," అన్నాడు.

ఆ మాట మొగుడి చెవిన వేస్తే, మీటర్లు చూసేవాడు నాకు పాఠాలు చెబుతాడా అని ఆయన రెండ్రోజులు ముభావంగా తిరిగాడు. చెప్పీ చెప్పీ ఆవిడకి నోరు నొప్పెట్టింది. కాళ్ల కింద చెక్కపీట వేసుకోవడం, పొడిగుడ్డతో మూత ఎత్తడం నేర్చుకుంది. మనిషి మారకపోతే పీట జరుపుకోవాలి, ఏం చేస్తాం! సంసారంలో సగం ఇలాగే గడుస్తుంది.

అయితే సోమవారం నుంచి కూతురు మళ్లీ ఉద్యోగానికి వెళ్లాలి. పది నెలల పిల్లాణ్ణి పగలంతా ఇక్కడే వదులుతానంది. అందరూ వాణ్ణి గుండుగాడంటారు. వాడిప్పుడు దొరికిందల్లా పట్టుకుని లేచి నిలబడుతున్నాడు. కుర్చీ కోడు, తలుపు, మనిషి మోకాలు, ఏదైనా సరే. వాడికి పీట వెయ్యలేం, పొడిగుడ్డ ఇవ్వలేం. ఈసారి సర్దుకోవడం కుదరదని ఆవిడ గట్టిగా అనుకుంది. శనివారం ప్లగ్గు పీకేసి బట్టలు చేత్తో ఉతికింది. ఆయన చూసి, ఊరికే హడావిడి చేస్తావని మళ్లీ పెట్టేశాడు.

ఆదివారం పొద్దున్నే కూతురు పిల్లాడితోపాటు ఒక సంచీడు విడిచిన బట్టలు కూడా తెచ్చింది. తాతగారు ముచ్చటపడి తనే మిషన్ వేశాడు. కూతురు పిల్లాణ్ణి వంటింట్లో దింపి పాలు కలుపుతోంది. ఆ గిరగిర చప్పుడు విన్నాడు గుండుగాడు. ఇంకేం, చేతులూ మోకాళ్లూ తడిలో టపటపలాడించుకుంటూ వసారాలోకి పాకేశాడు. మిషన్ జానెడు దూరంలో ఉందనగా ఆవిడ పరుగున వచ్చి లాక్కుంది. వాడు గుక్కపెట్టి ఏడ్చాడు.

ఏమైందంటూ కూతురు వచ్చింది. ఏమీ లేదు, మీ అమ్మకి ఆ మిషనంటే భయం అని ఆయన నవ్వాడు. ఆ నవ్వుకి ఆవిడ ఒళ్లు మండింది. కానీ అరిచే ఓపిక కూడా లేదు.

"ఏమీ లేదంటున్నారుగా. ఇదిగో, వీణ్ణి ఎత్తుకోండి. మీ చేత్తోనే వీడి చెయ్యి దానిమీద పెట్టండి."

ఆయన నవ్వుతూనే పిల్లాణ్ణి అందుకున్నాడు. ఒక అడుగు వేశాడు. ఏడుపు మరిచిపోయి గుండుగాడు తడి చెయ్యి చాపేశాడు. ఆయన ఆగిపోయాడు. చాపిన ఆ చిన్న చేతిని తన గుప్పిట్లోకి తీసుకున్నాడు. మిషన్ తిరుగుతూనే ఉంది. నాన్నా, ఏమైంది అంది కూతురు. ఆయన పిల్లాణ్ణి కూతురి చేతికిచ్చి, గోడ దగ్గరికెళ్లి స్విచ్ ఆపి, ప్లగ్గు పీకేశాడు.

గెలిచానని సంబరపడాలి కాబోలు ఆవిడ. సంబరం రాలేదు. ఏడాది అలసటంతా ఒక్కసారి మీద పడ్డట్టయి గుమ్మంలో కూర్చుండిపోయింది.

"అయితే మీకు తెలుసన్నమాట," అంది.

"తెలుసని కాదే. పసివాడు కదా, ఎందుకొచ్చిందిలే అని..."

"నా చేతి విషయంలో ఏడాదిపాటు అలా అనిపించలేదు మీకు."

ఆయన చేతిలోని ప్లగ్గు వంక చూస్తూ, సాయంత్రంలోగా బోర్డు మార్చి ఎర్త్ వేసేస్తానన్నాడు. ఆవిడ మోకాళ్ల మీద చేతులు ఊని లేచి, బకెట్టు తెచ్చి, సగం ఉతికిన బట్టలు మిషన్లోంచి తియ్యడం మొదలుపెట్టింది.

"ఇది తర్వాత. ముందు మీ కొట్లోంచి వెళ్లినవన్నీ చూసి రండి. ఆ ఇళ్లలో మీ మనవడు ఉండడు. నాలాంటివాళ్లే ఉంటారు."