బుద్ధి కుదిరినవాణ్ణి చూసి

ఆరాధన ముగిశాక హాలు తుడవడం పాస్టరు భార్య పని. నేల మీద నీళ్లుంటే నీళ్లు, నెత్తురుంటే నెత్తురు. దయ్యాలు వదిలించే ఆదివారాల్లో రెండూ ఉండేవి. ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేయడం, ప్రసంగానికి వచనాలు వెతికిపెట్టడం, దయ్యం పట్టిందన్న ఆడమనిషి చేతులు వెనక్కి విరిచి పట్టుకోవడం కూడా ఆమె పనులే. పరాయి ఆడదాన్ని పాస్టరు ముట్టుకోకూడదు మరి. ఆయన బెల్టు ఆ ఒంటిని ముట్టుకుంటే మాత్రం తప్పు లేదు.

ఒకసారి ఆయన భోజనం చేస్తుండగా ఆమె ఉండబట్టలేక అంది, "సువార్తలో దయ్యాలు పట్టి సమాధుల్లో తిరిగేవాణ్ణి గొలుసులతో కట్టింది ఊరివాళ్లండీ. యేసు వాడితో మాట్లాడాడంతే."

"వచనం వెతికిపెట్టు చాలు. అర్థం చెప్పడానికి నేనున్నాను" అన్నాడాయన. "ఇక ఇంట్లో ఇద్దరు పాస్టర్లు" అని నవ్వింది అత్తగారు. ఆమె ఇద్దరికీ మంచినీళ్లు అందించింది.

యేసు దయ్యాలు వదిలించిన ఆ కథలు మాత్రం ఆమెను వదల్లేదు. అంట్లు తోముతున్నా, బట్టలు ఆరేస్తున్నా మనసులో అవే తిరిగేవి. సువార్తలన్నీ వెతికింది. ప్రభువు గద్దించాడు, పేరడిగాడు, పడిపోయిన పిల్లవాణ్ణి చెయ్యి పట్టి లేపాడు. చెయ్యెత్తి కొట్టినట్టు ఒక్కచోటా లేదు. ఇంకో సంగతి ఆమెకు నిద్ర పట్టనిచ్చేది కాదు. ఆ సమాధులవాడు రాళ్లతో ఒళ్లు కోసుకుంటూ అరుస్తున్నంతకాలం ఊరు ఊరిలాగే బతికింది. యేసు బాగుచేశాక బట్టలు కట్టుకుని, బుద్ధి కుదిరి, నిమ్మళంగా కూర్చున్నవాణ్ణి చూశాకే ఊరికి భయం వేసింది. ఎందుకని?

ఈ ఆదివారం దర్జీ కోడల్ని ఆ పిల్ల భర్త, అత్త చెరో రెక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చారు. భర్త చేతి మీద పంటిగాట్లున్నాయి. "మొన్నటిదాకా నోట్లో నాలుక లేనట్టు పడుండేది పాస్టరుగారూ. ఇప్పుడు కరుస్తోంది. ఇది మా కోడలు కాదు, లోపల ఇంకెవరో ఉన్నారు" అంది అత్త.

పాస్టరు భార్య ఎప్పటిలాగే ఆ పిల్ల చేతులు విరిచి పట్టుకుంది. బెల్టు పడింది. "ఎవరు నువ్వు? చెప్పు." మళ్లీ పడింది. వీపు మీద బట్ట చిరిగి, కింద చర్మం చిట్లింది. పిల్ల అరుస్తున్నకొద్దీ జనం స్తోత్రాలు పెంచారు. బకిల్ తగిలి పెదవి చీలింది, ఒక పన్ను ఊడి నేల మీద పడింది. అప్పుడు ఆ పిల్ల అరవడం ఆపేసింది. నెత్తురు మింగి, తల వెనక్కి తిప్పి, మామూలు గొంతుతో అంది:

"నాకు ఏ దయ్యమూ పట్టలేదమ్మగారూ. మా ఆయన నా గొంతు పిసికితే ఊపిరాడక కరిచాను."

"చూశారా, దయ్యం ఎంత తెలివిగా మాట్లాడుతోందో" అన్నాడు పాస్టరు. ఆయన గొంతు వణికింది. అన్ని కేకలకూ చలించని మనిషి, ఒక్క తిన్నని మాటకు వణికాడు.

పాస్టరు భార్య ఆ పిల్ల చేతులు వదిలేసింది.

"పట్టుకోవే."

"పట్టుకోను. ప్రభువు ఎవర్నీ కొట్టలేదండీ."

"నీకూ పట్టిందా?"

బెల్టు ఆమె చెవి మీద పడింది. లోపల హోరు. ఇంకో దెబ్బకు మోకాళ్ల మీద కూలింది. మళ్లీ వచ్చిన బెల్టును పిడికిట్లో చుట్టుకుని ఉన్న బలమంతా పెట్టి లాగింది. ఆయన తూలి బల్ల అంచుకు కొట్టుకున్నాడు. నుదురు పగిలి తెల్లచొక్కా ఎర్రబడింది. ఎవరూ స్తోత్రం అనలేదు. ఆమె లేచి, పిల్లను చెయ్యి పట్టి లేపి గుమ్మం వైపు నడిపించింది. పిల్ల భర్త గుమ్మానికి అడ్డం వచ్చాడు. ఆమె బెల్టు దించకుండానే అతని కళ్లలోకి చూసింది. అతను పక్కకు జరిగాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ పిల్ల పెదవికి కుట్లు వేస్తూ, "మెట్ల మీద పడిందా?" అని అడిగింది. అలా అడగడం ఆవిడకు అలవాటైనట్టుంది.

పిల్ల పాస్టరు భార్య వైపు చూసింది.

"లేదు డాక్టరుగారూ. నా భర్త బెల్టుతో కొట్టాడు. కదలకుండా పట్టుకున్నది నేను. పోలీసుల్ని పిలవండి, ఇద్దరి సంగతీ నేనే చెబుతాను."