హిల్డా కొట్టిన గోడ

హిల్డా పోయిన రోజు పక్కింట్లో గిటారు మోగలేదు.

గోడకు అవతల రోనీ థర్ల్‌వెల్ ఉంటాడు. ఒకప్పుడు పేరున్న రాక్ గాయకుడు. ఆ పేరు పోయాక మా వీధికి తిరిగి వచ్చాడు. నా భార్య హిల్డాకూ అతనికీ ఒక ఒప్పందం ఉండేది. చప్పుడు మితిమీరితే ఆమె రొట్టెల కర్రతో గోడ మీద మూడు దెబ్బలు వేసేది. గిటారు ఆగేది. "సారీ హిల్డక్కా!" అని అతను అరిచేవాడు. అప్పుడు నాలుగో దెబ్బ పడేది. ఇక మెల్లగా వాయించుకోవచ్చని దాని అర్థం.

రోనీని ఏ స్టూడియో రానివ్వలేదు. హిల్డా ఉండగానే, ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకున్నాడు. హిల్డా పోయిన కొన్ని నెలలకు ఆ ఆల్బం విడుదలై, మొదటి వారమే దేశంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైంది. చివరి పాట మధ్యలో మూడు దెబ్బలు వినిపిస్తాయి. పాట అక్కడే ఆగిపోతుంది. మా ఊరు గేట్స్‌హెడ్‌లో పిల్లలు బస్సు కిటికీల మీద ఇప్పుడు ఆ దెబ్బలే వేస్తున్నారు. అవి ఎవరివని విలేకరులు అడిగితే రోనీ నవ్వి, "పక్కింటివాళ్లవి" అన్నాడట.

రోనీకి అటుపక్కన ఉండేది నార్మన్ హెపుల్. రోనీ ఆ మాట అన్న మర్నాడే, ఆ దెబ్బలు తనవేనని చీపురు కర్రతో పేపర్లో ఫొటో వేయించుకున్నాడు. పబ్బులో అందరూ అతనికి బీరు పోయించడం మొదలుపెట్టారు.

"నార్మన్, అవి హిల్డావి," అన్నాను.

"ఊరుకోండి మాస్టారూ! ఆవిడ సుతారంగా తట్టేది. దేశమంతా ఊగిపోయే దెబ్బ మగాడిదే."

"చెవి మిషను తీసేసి పడుకుంటావు. నీకు ఆ చప్పుడు ఎప్పుడు వినపడిందయ్యా?" అంది బీరు పోసే మేవిస్.

ఆదివారం రోనీ కచేరీలు ముగించుకుని ఇంటికొచ్చి గిటారు అందుకున్నాడు. నార్మన్‌ను మా వంటింట్లోకి పిలిచాను.

"కొట్టు."

చీపురు కర్రతో మూడు వేశాడు. గిటారు ఆగలేదు. మరో మూడు వేశాడు. మోత ఇంకా హెచ్చింది.

"వీడికి చెవుడొచ్చినట్టుంది," అని గొణిగాడు.

సొరుగులోంచి రొట్టెల కర్ర తీశాను. ఆమె పోయాక దాన్ని ముట్టుకోలేదు. గోడకు పెచ్చు ఊడిన చోటే, ఆమె కొట్టే తీరులో మూడు వేశాను.

గిటారు ఠక్కున ఆగింది.

"సారీ హిల్డక్కా!"

నార్మన్ టోపీ తీశాడు. "పబ్బులో నేనే చెప్తాను లెండి," అన్నాడు.

గోడకు అవతల రోనీ ఎదురుచూస్తున్నాడు. నాలుగో దెబ్బ నేనింకా వేయలేదు.