బల్ల కింద మాటలు

మిషన్లాయన భార్య రోజుకి రెండుసార్లు ఇల్లు ఊడ్చేది. పొద్దున ఊడిస్తే దుమ్ము వచ్చేది, సాయంత్రం ఊడిస్తే మాటలు వచ్చేవి.

ఎదుటిమనిషికి వినపడని మాట నేలమీద పడటం ఎక్కడైనా ఉన్నదే. పెసరగింజంత ఉంటుంది, బూడిదరంగులో, ఊదితే ఎగిరేంత తేలిగ్గా. తీసి చెవి దగ్గర పెట్టుకుంటే ఒకే ఒక్కసారి, అన్నవాళ్ళ గొంతుతోనే పలికి పొడైపోతుంది. ఇంకొకరి కోసం అన్న మాటని అలా తీసి వినడం మర్యాద కాదు. పెద్దవాళ్ళెవరూ ఆ పని చెయ్యరు, పిల్లలు చేస్తే వీపు మీద ఒకటి పడుతుంది. ఏ ఇంట్లోనైనా రోజుకి గుప్పెడు పడుతూనే ఉంటాయి, కుళాయి తిప్పి ఉండగా అన్నవో, తలుపు చాటు నుంచి అన్నవో. మిషన్లాయన ఇంట్లో మాత్రం చేటలకి చేటలు వచ్చేవి.

ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ముప్పై రెండేళ్ళుగా వీధి చివర అదే కొట్టు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. మంచివాడే గాని ఒక్క విషయంలో మొండి. "నీకు సరిగ్గా వినపడట్లేదు నాన్నా!" అని మందుల షాపులో పనిచేసే కూతురు ఎనిమిదేళ్ళుగా గొంతు చించుకుని చెప్తోంది. "నాకేం, నిక్షేపంలా వినపడుతోంది. మీరే నోట్లో నోట్లో గొణుక్కుంటారు" అనేవాడు, కాళ్ళ చుట్టూ ఆ పూట మాటలు కుప్పపడి ఉండగానే. టీవీ సౌండు పక్కింటివాళ్ళకి కూడా సరిపోయేది. ఫోను ఎడమ చెవి నుంచి కుడి చెవికి ఎప్పుడో మారింది. నలుగురూ కూర్చుంటే అందరూ నవ్వాక ఆయన నవ్వేవాడు.

ఇలా ఉండగా మూడు నెలల నుంచి సాయంత్రం చీపురుకి ఏమీ తగలడం మానేసింది. "చూశావా, చెవులు వాటంతటవే బాగయ్యాయి" అని ఆయన పొంగిపోయాడు. భార్య ఏమీ అనలేదు. వచ్చే ఆదివారం పొద్దుటి రైలెక్కి ఆవిడ చెల్లెలి దగ్గరికి శాశ్వతంగా వెళ్ళిపోతోందన్న సంగతి అప్పటికే వీధి వీధంతా తెలుసు, ఆయనకి తప్ప. చెల్లెలిది ఆరుగంటల దూరంలో కుట్టు నేర్పే బడి. కాలరు కుట్టడంలో అక్కని మించినవాళ్ళు లేరు, వచ్చి నేర్పమని ఏడాదిగా పిలుస్తోంది.

"నాన్నకి ఒక చీటీ రాసి చెప్పొచ్చుగా అమ్మా" అంది కూతురు.

"పక్కన కూర్చుని అన్నం తినే మనిషికి చీటీలు రాయాలా?" అని ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుంది.

సోమవారం మిషన్లాయనే మందుల షాపుకి వచ్చాడు. "పద, ఆ చెవుల డాక్టరమ్మకి చూపించుకుంటాను. ఈ గొడవ ఇవాళ్టితో తేలిపోవాలి" అన్నాడు. నేల శుభ్రంగా ఉందన్న ధీమా మరి.

డాక్టరమ్మ చిన్న వయసుది. ఆయన్ని గాజుగదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, కూత వినపడినప్పుడల్లా మీట నొక్కమంది. ఆయన చాలాసేపు మీట నొక్కకుండా బుద్ధిగా కూర్చున్నాడు, ఇంకా మొదలవలేదనుకుని. తలుపు తీసేసరికి గది నేలంతా కూతలే. అవి మాటలకన్నా చిన్నవి, ఆవగింజలంత ఉన్నాయి. ఆమె వాటిని చిన్న చేటలోకి ఎత్తి, త్రాసులో వేసి, బరువు కాగితం మీద రాసుకుంది.

"ఇంట్లో రోజుకెన్ని చేటలు పడతాయి బాబాయ్ గారూ?" అని చెవి దగ్గరికొచ్చి గట్టిగా అడిగింది.

"మూడు నెలలుగా చిటికెడు కూడా లేదమ్మా."

ఆమె త్రాసు వంక చూసింది, ఆయన వంక చూసింది. "ఇంట్లో మీతో ఎవరు మాట్లాడతారు?"

"మా ఆవిడ."

"మాట్లాడుతోందా?"

ఆయన ఆ మాటకి జవాబు చెప్పబోయి ఆగిపోయాడు. కంచం పెట్టడం గుర్తుంది. చొక్కా మడతపెట్టి ఇవ్వడం గుర్తుంది. నిన్నగాని, మొన్నగాని, పోయిన నెలగాని ఆవిడ పెదాలు కదిలినట్టు ఎంత తడుముకున్నా గుర్తురాలేదు.

డాక్టరమ్మ వారం రోజులు వాడి చూడమని రెండు చెవి మిషన్లు తెచ్చి తనే పెట్టింది. గదిలో ఫ్యాను మోత ఒక్కసారిగా ఆయన మీద పడింది. ఆ వెనకే కూతురి గొంతు, ఎనిమిదేళ్ళలో మొదటిసారి అరుపు కాకుండా, మామూలుగా.

"నాన్నా, అమ్మ ఆదివారం వెళ్ళిపోతోంది."

ఆ మాట నేలమీద పడలేదు. పడితే బాగుండుననిపించింది ఆయనకి.

"ఇంకాస్త ముందు వచ్చుంటే తేలికయ్యేది," అంది డాక్టరమ్మ. "నలుగురిలో మాట అందనప్పుడే రావాలి. చెవి ఊరికే కూర్చుంటే మాటలు పోల్చుకోవడం మర్చిపోతుంది. మొదట్లో అంతా గోలగా ఉంటుంది, తీసి పక్కన పెట్టకండి." తర్వాత ఎలా చూసుకోవాలో చెప్పింది. స్నానానికి ముందు తీసెయ్యాలి. రోజూ పొడిగుడ్డతో తుడవాలి. మూతి దగ్గర గుబిలి పడితే ఈ చిన్న బ్రష్‌తో దులపాలి. పడుకునేముందు బ్యాటరీ తలుపు తెరిచి ఈ డబ్బాలో పెడితే చెమ్మ లాగేస్తుంది.

"అంటే మా బాబిన్ దగ్గర నూలుదుమ్ము దులిపినట్టన్నమాట" అన్నాడాయన, అంత దిగులులోనూ ఆసక్తిగా. "దీన్ని విప్పేదెలా?"

"మీరు విప్పకూడదు."

ఇంటికొచ్చే దారంతా ఆయన ఆగి ఆగి నడిచాడు. చెప్పులకి ఇంత మోతా? చొక్కా చేతులు రాసుకుంటే కూడా చప్పుడవుతుందా? ఇంటికెళ్ళగానే భార్య ఎదురుగా నిలబడి చెవులు చూపించాడు. "ఇదిగో, వినపడుతోంది. ఏదైనా అను. వెళ్తున్నావట కదా, ఎందుకు వెళ్తున్నావు?" ఆవిడ ఆ మిషన్లని వింతగా చూసింది. నోరు తెరిచింది. ఏళ్ళ తరబడి అని అని, ఊడ్చి ఊడ్చి విసిగిపోయిన నోరు అంత తేలిగ్గా కదులుతుందా? మళ్ళీ మూసుకుని కాలరు ఇస్త్రీ చేసుకోవడంలో పడింది. అన్నం నమిలే చప్పుడు తప్ప ఆ పూట ఇంట్లో ఆయనకి ఇంకేమీ వినపడలేదు.

బుధవారం పొద్దున ఎడమ చెవి మిషను కీచుమంది. ముప్పై రెండేళ్ళుగా కీచుమన్న ప్రతిదానికీ ఏం చేశాడో ఆయన దానికీ అదే చేశాడు. ఆయిల్ డబ్బా తీసి ఒక్క చుక్క వేశాడు. కీచు పోయింది, దాంతోపాటు ఆ చెవికి మిగతా చప్పుళ్ళన్నీ పోయాయి.

"ఆయిలా!" అని డాక్టరమ్మ తల పట్టుకుంది. "చెవిలో సరిగ్గా కూర్చోకపోతే కీచుమంటుంది, తీసి మళ్ళీ పెట్టుకుంటే సరి. నీళ్ళు వద్దని చెప్పానుగాని ఆయిల్ వద్దని చెప్పాల్సొస్తుందని నాకేం తెలుసు బాబాయ్ గారూ!" అది రిపేరుకి వెళ్ళింది, పది రోజులు పడుతుందట. ఆదివారానికి నాలుగు రోజులే ఉన్నాయి. కుడి చెవిది మాత్రం మిగిలింది.

శుక్రవారం మధ్యాహ్నం కొట్టులో ఆ మిగిలిన మిషనునే దులుపుతుంటే బ్రష్ చెయ్యిజారి బల్ల కిందికి పోయింది. కొట్టులో ఆయన చీపురు వాడడు. వాడితే మరలూ సూదులూ చెత్తలో పోతాయి. తాడుకి కట్టిన అయస్కాంతం ఒకటుంది, దాన్ని నేలమీద లాగితే ఇనుముదేదైనా అతుక్కుని వస్తుంది. బ్రష్ ప్లాస్టిక్‌ది, రాలేదు. చేసేదిలేక మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి చూశాడు.

బల్ల కింద గోడ దాకా మాటలు పేరుకుని ఉన్నాయి. భార్య రోజూ భోజనం తెచ్చి, ఆయన తినేంతసేపూ ఆ స్టూలు మీద కూర్చునేది. ఇంట్లోవి ఆవిడే ఊడ్చి పారేసింది. ఇక్కడివి ఊడ్చినవాళ్ళు లేరు.

ఆయనకి అన్న మాటలు ఆయన వినడంలో తప్పేముంది? మిషను మళ్ళీ కుడి చెవికి తగిలించుకుని, ఒకటి తీసి, దాని మైకు చెవి వెనక ఉంటుందని గుర్తొచ్చి, అక్కడ పట్టుకున్నాడు. "గ్యాసు అయిపోవచ్చింది" అంది భార్య గొంతు. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆ గొంతు అలా ఉంటుందనే మర్చిపోయాడు, కాస్త బొంగురు, చివర్లో కొంచెం సాగదీత. ఇంకొకటి తీశాడు. "ఉప్పు సరిపోయిందా?" ఇంకొకటి. "పక్కింటావిడ కొత్త గేటుకి రంగు వేసింది, ఛీ, ఏం రంగండీ అది!" ఆయన ఒక్కడే కూర్చుని పకపకా నవ్వాడు. షట్టరు సగం దించి, స్టూలు మీద కూర్చుని, వేళ్ళు బూడిదరంగయ్యేదాకా వింటూ పోయాడు.

అప్పుడు ఇది వచ్చింది. "చెల్లి రమ్మంటోందండీ. నాకూ నేర్పాలనే ఉంది. కాని మీరు లేకుండా ఎలా వెళ్తాను? మీరూ వస్తారా?"

తర్వాతది తీస్తే, "మీరూ వస్తారా?" ఇంకో నాలుగు తీస్తే, "వస్తారా?" గోడ పక్క నుంచి తీసినదీ అదే, మిషను కాలు చాటున దొరికిందీ అదే. ఆయన సుద్దముక్కతో బల్ల మీద గీతలు పెట్టుకుంటూ వచ్చాడు. ఇరవై ఏడుసార్లు అడిగింది. చివరిదాంట్లో ప్రశ్న లేదు. "సరే, నేనొక్కదాన్నే వెళ్తాను లెండి" అని ఉంది, ఎవరిమీదా కోపం లేనట్టు.

ఆయనకి ఏడుపొచ్చింది, మొహమాటపడకుండా ఏడ్చాడు. తర్వాత కొట్టంతా ఒకసారి కలయజూశాడు. ముప్పై రెండేళ్ళ బల్ల, గోడకి వరసగా స్క్రూడ్రైవర్లు, బాగైపోయి తీసుకెళ్ళేవాళ్ళ కోసం చూస్తున్న మిషన్లు ఆరు. వదలడం సులువేం కాదు. అయినా కుట్టుమిషన్లు పాడుకాని ఊరుందా, అందులోనూ నలభై మంది నేర్చుకునే బడి. షట్టరు పూర్తిగా దించి తాళం వేశాడు.

ఇంట్లో భార్య కత్తెరని గుడ్డలో చుట్టి సంచిలో పెడుతోంది.

"వస్తాను" అన్నాడు గుమ్మంలోంచే.

ఆవిడ చెయ్యి ఆగింది. "ఎక్కడికి?" అంది. మూడు నెలల తర్వాత ఆయనతో మొదటి మాట, అరిగిన బెల్టు తిరిగినట్టు కరకరలాడింది.

"నువ్వడిగావుగా, దానికి. వస్తాను."

"ఎప్పుడడిగాను?"

"కొట్టులో అడిగావు. ఇరవై ఏడుసార్లు. ఒకసారి అడుగుతూ మధ్యలో తుమ్మావు కూడా. వస్తాను. వస్తాను. వస్తాను."

ఆవిడ కొంగుతో ముఖం దాచుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. ఆయన ఆపలేదు, వేళ్ళు మడుస్తూ అంటూనే ఉన్నాడు.

"చాలండీ," అంది ఆవిడ ముక్కు చీదుకుంటూ. "వినపడింది."

"ఆగు, ఇంకా పదకొండున్నాయి."

"రైల్లో రెండో టికెట్టు ఉంటుందో లేదో, ముందు అది చూడనివ్వండి నన్ను!" అని ఆవిడ చెప్పులేసుకుని రోడ్డెక్కింది. ఆయన పక్కనే పరుగులాంటి నడకతో, వస్తాను, వస్తాను, అని పూర్తిచేస్తూ బయల్దేరాడు. ఎదురొచ్చినవాళ్ళు దారి ఇచ్చారు. వీధి మలుపులో ఆవిడ ఆగి, ఆయన చెవుల వంక చూసి, వెనకనుంచి తిరిగొచ్చి ఆయనకి కుడివైపున నడవడం మొదలుపెట్టింది.