ఆఖరి పూత

ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను పడవ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. ముక్కు మీద ఎర్రటి చెక్కపొడి, చేతిలో అరిగిపోయిన గరుకు కాగితం. షెడ్డు బయటినుంచి మా ఆయన గొంతు వినిపిస్తోంది. మా ఆయన అనే మాట నాకింకా కొత్త, అందుకే అవసరం లేనిచోట కూడా వాడేస్తుంటాను. కొనేవాళ్ళతో మాట్లాడేటప్పుడు తన గొంతు ఒక మెట్టు కిందికి దిగి పెద్దమనిషి తరహాగా మారిపోతుంది. నాతో మాట్లాడే గొంతు వేరు. ఆ రెండూ ఒకే మనిషివని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అని లోలోపల మురిసిపోతుంటాను. పెళ్ళయిన కొత్తలో ఇలాంటివి కూడా ఆస్తుల్లాగే ఉంటాయి.

కాసేపటికి పడవ అంచు కిందనుంచి తన మొహం తలకిందులుగా ప్రత్యక్షమైంది. "టోపీ ఆయన పడవ తీసుకుంటున్నాడు" అన్నాడు.

నేను లేవబోయి నుదురు పలకకి కొట్టుకున్నాను. నొప్పి కూడా నవ్వులాగే అనిపించింది. బయటికి పాకి వచ్చి తనని చుట్టేసుకుంటే, నా రెండు అరచేతులూ ఎర్రగా తన తెల్ల చొక్కా వీపు మీద అచ్చు పడ్డాయి. సాయంత్రం ఆ చొక్కా ఉతకాల్సింది నేనే అని అప్పుడు తట్టలేదు.

మా అత్తవారిది పాత చెక్క పడవల వ్యాపారం. రేవుల పక్కన బోర్లా పడి వానకి నానుతున్న వాటిని కొనుక్కొస్తారు. కుళ్ళిన పలకలు తీసి కొత్తవి బిగిస్తారు, నునుపు చేస్తారు, వార్నిష్ పూతలు వేస్తారు, చెక్క పడవంటే ప్రాణం పెట్టేవాళ్ళకి అమ్ముతారు. ఈ రోజుల్లో చెక్క పడవ కొనేవాడు అవసరానికి కొనడు, మోజుతో కొంటాడు. మోజుతో కొనేవాడు ముందు చూసేది మెరుపు. ఆ మెరుపుకి ఈ వ్యాపారంలో ఒకటే పేరుంది, మా మామయ్య చెయ్యి. "పెద్దాయన చెయ్యి పడిందా?" అని అడిగి మరీ బేరం మొదలుపెడతారు.

టోపీ ఆయన కూడా అలాగే అడిగాడట. కిందటి నెల వచ్చినప్పుడు టోపీ తీసి చంకలో పెట్టుకుని, పడవని ముందునుంచి వెనక దాకా అరచేత్తో నిమిరాడు. ఇప్పుడు ఫోన్‌లో ఇంకో మాట కూడా చెప్పాడు. తన దగ్గర ఇలాంటివే ఇంకో రెండు ముసలి పడవలున్నాయట. రేపు ఆఖరి పూత వేస్తున్నప్పుడు వచ్చి, ఆ చేతిని కళ్ళారా చూసి, ఆ రెండూ బాగుచేయడానికి మనకే అప్పజెబుతాడట.

"నువ్వేమన్నావు?"

"తప్పకుండా రండి, నాన్నగారే వేస్తుంటారు అన్నాను" అని మా ఆయన కన్ను కొట్టాడు. నేనూ నవ్వాను. అలవాటు.

ఎందుకంటే ఆ చెయ్యి నాది.

పెళ్ళయిన కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం షెడ్డులోకి టీ తీసుకెళ్ళాను. మామయ్య సగం పూత వేసి ఆగిపోయి ఉన్నారు. కుంచె చివర ఆకులా అల్లాడుతోంది, చుక్కలు కింద పడుతున్నాయి. వార్నిష్ మధ్యలో ఆపకూడదు. వేసిన పూత అంచు తడిగా ఉండగానే పక్క పూతని దానిలో కలిపేయాలి. అంచు ఆరితే గీత పడుతుంది, ఆ గీత పోవాలంటే మొత్తం రుద్ది మళ్ళీ మొదటికి రావాలి. ఆయన నా వైపు చూడలేదు. కుంచె మాత్రం నా చేతిలో పెట్టారు. "ఆపకు. ఊపిరి పీల్చినంత తేలిగ్గా లాగు" అన్నారు. టీ చల్లారిపోయింది. పూత ఆరలేదు.

ఆరోజునుంచీ ఆయన బయట తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు, నేను లోపల. ఆఖరి పూత రోజు షెడ్డు తలుపు మూసేయడం మొదట్నుంచీ ఉన్న పద్ధతే, దుమ్ము రాకుండా. నేల మీద నీళ్ళు చల్లుతాం, ఫ్యాన్ ఆపేస్తాం. ఇంకెవరూ రాకూడదు, దగ్గకూడదు. బట్టల పోగులు కూడా రాలకూడదు. అందుకే నేను వానకోటు వేసుకుంటాను. అది పెళ్ళి తర్వాత మేమిద్దరం కొండలకి వెళ్దామని కొనుక్కున్న పసుపుపచ్చ వానకోటు. ఆ వారం ఒక పడవ అప్పజెప్పాల్సి వచ్చి ప్రయాణం ఆగిపోయింది. తర్వాత వెళ్దామన్నాడు. కోటు మాత్రం వృథా పోలేదు.

అబద్ధం ఎందుకు, నాకా పని ఇష్టం. నా చదువుకీ దీనికీ పొంతన లేదు. మా అత్తయ్య నన్ను "డిగ్రీ" అని పిలుస్తుంది, "డిగ్రీ, ఆ బకెట్ ఇటు తే" అన్నట్టు. నేను పడవతో మాట్లాడతానని కూడా ఆవిడకి తెలుసు. ప్రతి పడవనీ అక్కా అంటాను. "మొగుణ్ణి నువ్వంటుంది, పడవని అక్కా అంటుంది, ఇదెక్కడి వరసో" అని పొరుగావిడతో అంటుంటే విన్నాను. కానీ ఆ లోపల ఏం జరుగుతుందో వీళ్ళెవరికీ తెలియదు. పూత వేసిన కాసేపు కుంచె గీతలన్నీ దువ్విన జుట్టులా కనిపిస్తాయి. తర్వాత వాటంతటవే మెల్లగా సర్దుకుని, ఒకదానిలో ఒకటి కరిగిపోయి, చెక్క లోపల దీపం పెట్టినట్టు వెలుగొస్తుంది. కిటికీ కనిపిస్తుంది అందులో. తర్వాత పసుపు కోటు. తర్వాత నా మొహం. ప్రతిసారీ పక్కకి తిరిగి "చూశావా!" అనబోతాను. పక్కన ఎవరూ ఉండరు. తలుపు అవతలినుంచి మామయ్య, "కుంచె చప్పుడు ఆగిందేం?" అంటారు. "అయిపోయింది మామయ్యా" అంటాను. అంతే, దానికి అంతకన్నా పండగ లేదు. పూత గట్టిపడేవరకూ తలుపు తీయరు. తీసేసరికి మెరుపు ఉంటుంది, అది వచ్చిన క్షణం ఉండదు. ఆ క్షణాలన్నీ నా ఒక్కదాని దగ్గరే పోగుపడి ఉన్నాయి. ఎవరికీ పంచని మిఠాయి కొన్నాళ్ళకి తీపి కూడా మర్చిపోతుందేమో.

ఈ శుభవార్త అమ్మకి చెబుదామని చేతులు కడుక్కుని ఫోన్ తీశాను. బొటనవేలు పెట్టాను. తెరుచుకోలేదు. తుడిచి పెట్టాను. గుర్తుపట్టలేకపోతున్నాను, మళ్ళీ ప్రయత్నించండి అంది. నాకు నవ్వొచ్చింది. వేలిని వెలుతురులో పెట్టి చూస్తే గీతలు లేవు. గరుకు కాగితం చెక్కతో పాటు నన్నూ నునుపు చేసేసింది. చివరికి అంకెలు నొక్కి తెరిచాను.

"అమ్మా, పడవ అమ్ముడైంది."

"వాళ్ళ పడవేనా? మంచిదే. మీ మామగారి చేతి చలవ. మరి నువ్వేం చేస్తుంటావే రోజంతా? ఏదైనా ఉద్యోగం చూసుకోకూడదూ?"

మామయ్య చెయ్యి వణుకుతోందన్న సంగతి బయటికి పొక్కితే పడవల ధర పడిపోతుందని, పుట్టింట్లో కూడా అనొద్దని మా ఆయన మొదట్లోనే ఒట్టు వేయించుకున్నాడు. అప్పుడది ఇద్దరి మధ్య రహస్యంలా తియ్యగా ఉండింది. "ఏం చేస్తానమ్మా, ఇంట్లోనే ఉంటాను" అన్నాను.

వంటింట్లోకి వెళ్ళి అత్తయ్యకి బొటనవేలు చూపించాను, నవ్విద్దామని. "చూడండత్తయ్యా, నా ఫోనే నన్నెవరని అడుగుతోంది."

ఆవిడ గరిటె పక్కన పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, తన బొటనవేలు నా వేలి పక్కన పెట్టింది. గులకరాయిలా ఉంది. చూపుడువేలు కూడా, మధ్యవేలు కూడా. మామయ్య వేసిన ప్రతి పూతకీ ముందు రుద్దింది అత్తయ్యేనని నాకప్పుడే తెలిసింది, ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. మోకాళ్ళు పట్టేశాక మానేసిందట. ఒకసారి గుర్తింపు కార్డు కోసం ఆఫీసుకి వెళితే మిషన్ ఆవిడ వేలు తీసుకోలేదట. అక్కడి అమ్మాయి తడిగుడ్డతో తుడిచి తుడిచి పెట్టించిందట. "ఏం పని చేస్తారమ్మా, వేళ్ళిలా అరిగిపోయాయి అంది. ఏం చేస్తాను, ఇంట్లోనే ఉంటాను అన్నాను. అదే రాసుకుంది."

చెప్పి, నవ్వి, మళ్ళీ గరిటె తీసుకుంది. నేను కూడా నవ్వాలి. ఇందాక అమ్మకి నేనేం చెప్పానో ఆవిడకి తెలియదు. అదే మాట, ఒక్క అక్షరం మారలేదు. ఒకే ఇంట్లో, ఒకే షెడ్డులో, ఒక తలుపుకి ఇటు కొన్నాళ్ళు ఆవిడా అటు కొన్నాళ్ళు నేనూ. ఇద్దరం కలిసి కూడా ఒక మనిషిగా ఎక్కడా నమోదు కాలేదు. వంటగట్టు పక్కన నిలబడి కూరగాయల తొక్కలు ఏరడం మొదలుపెట్టాను. ఈ ఇంట్లో అందరూ నన్ను ప్రేమగానే చూస్తారు. ప్రేమగా చూసే ఇంట్లో ఒంటరిగా ఉందంటే ఎవరు నమ్ముతారు? నాకే నమ్మకం కుదరక ఇన్నాళ్ళూ దాన్ని అలసట అనుకున్నాను.

భోజనాల దగ్గర మా ఆయన రేపటి ఏర్పాటు వివరించాడు. ఎంత హుషారుగా చెప్పాడంటే, ఆ హుషారు చూసి ఇంకొకరోజైతే ముద్దొచ్చేవాడు. టోపీ ఆయన వచ్చేసరికి నాన్న కుంచె పట్టుకుని పడవ వెనక భాగం దగ్గర నిలబడతాడు. రెండు మూడు సార్లు లాగుతాడు. అంతలో డిగ్రీ మంచి చీర కట్టుకుని టీ తెస్తుంది. టీ వంకతో తను ఆయన్ని వరండాలోకి తీసుకెళ్ళి మాటల్లో పెడతాడు. తలుపు మూసేస్తాం. అంతే.

మామయ్య గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు. అత్తయ్య ఎప్పుడూ ఆ గ్లాసు సగమే నింపుతుంది, తొణకకుండా.

"వణికితే గీతలు పడతాయి" అన్నాను.

"పడనీ. ఆయన దూరంనుంచి చూస్తాడులే."

"పడితే అలాగే ఆరిపోతాయి. వెనక భాగమంతా మళ్ళీ రుద్దాలి."

"ఆ కాస్త నువ్వు సరిచేద్దువుగాని. నీ చేతిలో పనేగా, బంగారం."

తప్పుగా ఏమీ అనలేదు తను. మెచ్చుకోలుగానే అన్నాడు. నేను నిజంగానే అన్నీ సరిచేస్తాను. చొక్కా మీద చేతిముద్రలు సరిచేస్తాను. ఆగిపోయిన ప్రయాణాన్ని వానకోటుతో సరిచేస్తాను. అమ్మతో మాటల్ని సరిచేస్తాను. ఎక్కడా గీత కనిపించకుండా, ఎవరి చెయ్యో తెలియకుండా, చూసినవాళ్ళకి తమ మొహమే కనిపించేంత నున్నగా. మంచి వార్నిష్ లక్షణం కూడా అదే, అది ఉన్నట్టు తెలియకూడదు, చెక్కే మెరిసినట్టుండాలి. కానీ నేను వార్నిష్‌ని కాదు కదా.

మామయ్య వైపు చూశాను. ఆయన కళ్ళు గ్లాసులోనే ఉన్నాయి. ఒక్క క్షణం భయమేసింది. నా పేరు బయటికొస్తే ఆయన వణుకు కూడా బయటికొస్తుంది, ఆ మనిషి పరువుతో నాకేం పేచీ లేదు. తర్వాత రేపటి దృశ్యం కళ్ళముందు ఆడింది. ఒక కొత్త మనిషి టోపీ తీసి చూస్తుండగా, ఎవరి చేతిలో ఒకప్పుడు కుంచె ఊపిరిలా కదిలిందో ఆ మనిషి వణికే చెయ్యి దాచుకుంటూ రెండు గీతలు గీయాలి. ఈ ఏర్పాటులో ఆయన పరువు మాత్రం ఎక్కడుంది? మేమిద్దరం ఒకే నాటకంలో ఇరుక్కున్నాం. ఆయనది వేషం, నాది తెర వెనక పని.

"మామయ్యా, రేపు మీరు నిలబడొద్దు" అన్నాను. నా గొంతు కూడా ఒక మెట్టు కిందికి దిగిందని నాకే తెలిసింది. "కుంచె నేను పడతాను. మీ కుర్చీ తలుపు బయట కాదు, లోపల, నా పక్కన వేస్తాను. నాకు నేర్పింది మీరేనని ఆయనకి నేనే చెబుతాను. నా చెయ్యి నచ్చితే ఆ రెండు పడవలూ ఇస్తాడు. నచ్చకపోతే, ఇన్నాళ్ళూ నచ్చినది ఎవరి చెయ్యో అయినా తెలుస్తుంది."

"పిచ్చా నీకు?" అన్నాడు మా ఆయన. నాతో మాట్లాడే గొంతు కాదది, కొనేవాళ్ళతో మాట్లాడే గొంతు. నాకు తెలిసిన ఇద్దరిలో ఎవరిని పెళ్ళి చేసుకున్నానా అని ఒక్క క్షణం తడబడ్డాను. "ఇంతకాలం కట్టుకొచ్చిన పేరు..."

మామయ్య ఒక చెయ్యి గ్లాసు మీదనుంచి తీసేశారు. మిగిలిన ఒక్క చేత్తోనే దాన్ని బల్ల మీద పెట్టారు. నీళ్ళు పళ్ళెం చుట్టూ చిందాయి. ఆయన తుడవలేదు, చెయ్యి దాచుకోలేదు, అలా అందరి ముందూ వణకనిచ్చారు. గుడ్డ కోసం లేవబోయిన అత్తయ్య మళ్ళీ కూర్చుంది. "ఆఖరి పూత నేనెప్పుడూ చూడలేదు" అంది, ఎవరితోనో కాదు, ఆ నీళ్ళతో అన్నట్టు.

నాకు మా ఆయన మొహం వైపు చూడాలనిపించింది. చూస్తే సరిచేయాలనిపిస్తుందని తెలుసు. అందుకే నా చేతుల్నే చూసుకుంటూ చెప్పాను.

"రేపు పొద్దున కుర్చీలు రెండు వేస్తాను లోపల, అత్తయ్యకి ఒకటి. దగ్గు రాకుండా చూసుకోండి అత్తయ్యా. నేల తడిపి, ఫ్యాన్ ఆపి, కోటు వేసుకుని సిద్ధంగా ఉంటాను. ఆయన వచ్చాక లోపలికి రమ్మని, తలుపు మూసేద్దాం. టీ నువ్వు పెట్టు. పూత ఆరేదాకా నేను బయటికి రాను."